మన పెరటి తూజా... తూజా కాదు!

పచ్చగా, గోపురంలా పెరిగే ఆ మొక్క అసలు పేరేంటి? సిసలైన తూజాను గుర్తుపట్టేదెలా?

పార్కు గేటు దగ్గర, కాలేజీ ఆవరణలో, అపార్ట్‌మెంటు ముందు వరసగా కనిపించే మొక్క అది. నర్సరీలో అడిగితే ‘తూజా’ అంటారు. ఉత్తరాది వాళ్లకు ‘మోర్‌పంఖీ’. దాని రెమ్మ పుస్తకంలో పెట్టుకుంటే చదువు బాగా వస్తుందని నమ్మే పిల్లలకు అది ‘విద్య మొక్క’. పులిపిర్లకు హోమియో డాక్టర్లు ఇచ్చే మందు సీసా మీదా తూజా అనే ఉంటుంది. దాంతో రెండూ ఒకటేననుకుంటారు చాలామంది. కానేకాదు. ఆ మందుకు మూలం ఉత్తర అమెరికా తూర్పు భాగంలో పెరిగే చెట్టు. మన పెరట్లోది చైనా వైపు నుంచి వచ్చినది.

ఈ గందరగోళం నర్సరీల్లో పుట్టింది కాదు. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ రెండింటినీ ఒకే ప్రజాతిలో చేర్చి అమెరికా చెట్టును తూజా ఆక్సిడెంటాలిస్ అనీ, ఆసియా చెట్టును తూజా ఓరియెంటాలిస్ అనీ పిలిచాడు. కాయల్లో, విత్తనాల్లో తేడాలు గమనించిన తర్వాతి శాస్త్రవేత్తలు ఆసియా చెట్టును విడదీశారు. ఇప్పుడు దాని పేరు ప్లాటిక్లేడస్ ఓరియెంటాలిస్. ఆ ప్రజాతిలో ఉన్నది ఆ ఒక్క చెట్టే. కుటుంబం మాత్రం రెండింటికీ ఒకటే, సైప్రస్ చెట్ల కుటుంబం.

నాలుగు గుర్తులు

ఆకును చూసి తేల్చేద్దామంటే కుదరదు. రెండింటికీ ఉండేవి పొలుసాకులే. మొలక దశలో సూదుల్లా విడివిడిగా వచ్చి, తర్వాత చిన్నచిన్న పొలుసులై రెమ్మకు అతుక్కుని నాలుగు వరసల్లో పేరుకుంటాయి. అసలు తేడాలు ఇవీ:

రెమ్మ నిలిచే తీరు: మన పెరటి మొక్కలో చదునైన రెమ్మలు తెరిచి నిలబెట్టిన పుస్తకం పుటల్లా నిలువుగా ఉంటాయి. అసలు తూజాలో అవి చాలావరకు అడ్డంగా పరుచుకుంటాయి.

రెమ్మ వెనకవైపు: మన మొక్కకు ముందూ వెనకా ఒకటే రంగు. తూజాల్లో అడుగువైపు పాలిపోయి గానీ, తెల్లటి మచ్చలతో గానీ ఉంటుంది.

కాయ: మనం కాయ అనేది నిజానికి శంకువు. పెరటి మొక్కకు లేతగా ఉన్నప్పుడు నీలి బూడిద రంగు పొడి అద్దినట్టుంటుంది. కండగల పొలుసుల చివర వంకర కొమ్ములు స్పష్టంగా కనిపిస్తాయి. తూజా కాయ సెంటీమీటరు అటూఇటుగా, కోలగా ఉంటుంది. పొలుసులు పల్చన, కొమ్ములు ఉండవు.

విత్తనం: పెరటి మొక్కది గుండ్రంగా, బొద్దుగా, రెక్కల్లేకుండా ఉంటుంది. తూజా విత్తనానికి రెండు పక్కలా సన్నటి రెక్కలుంటాయి.

నాలుగింటిలో ఒక్కటే చూసే వీలుంటే కాయనే చూడండి. కత్తిరింపులతో రెమ్మల తీరు మారుతుంది, తోటల కోసం పెంచిన రకాల్లో రంగూ మారుతుంది. కొమ్ముల కాయ మాత్రం మోసం చేయదు.

అసలైనవి ఐదే

ప్రపంచంలో నిజమైన తూజాలు ఐదు జాతులే. రెండు ఉత్తర అమెరికావి, మూడు తూర్పు ఆసియావి. తూజా ఆక్సిడెంటాలిస్ తూర్పు కెనడా, అమెరికాల్లో పెరుగుతుంది. కెనడాలోని నయాగరా ఎస్కార్ప్‌మెంట్ కొండచరియల మీద, రాతి పగుళ్లలో గిడసబారి వేలాడుతున్న ఈ చెట్లలో కొన్నింటి వయసు వెయ్యేళ్లు దాటింది. అక్కడ దొరికిన ఒక ఎండు మానులో 1650కి పైగా వలయాలు లెక్కతేలాయి.

పసిఫిక్ తీరంలోని తూజా ప్లికాటా మహావృక్షం. వాంకూవర్ దీవిలోని ‘చీవాట్ జెయింట్’ ఎత్తు 55 మీటర్ల పైమాటే. కాండం అడ్డకొలత దాదాపు 6 మీటర్లు. అక్కడి ఆదివాసీలు ఈ చెక్కతోనే పడవలు తొలిచారు, వంశచిహ్నాలుండే టోటెమ్ స్తంభాలు చెక్కారు, నారతో బట్టలు నేశారు. దీని రెమ్మ అడుగున సీతాకోకచిలుక ఆకారపు తెల్లటి మచ్చలుంటాయి. నలిపితే అనాస వాసన వస్తుంది.

కొరియా జాతికి రెమ్మ వెనక వెండి తెలుపు. మరొకటి జపాన్ కొండల్లోది. ఐదోదాని కథ వింత. చైనాలోని చెంగ్‌కౌ ప్రాంతంలో ఫ్రెంచి మతబోధకుడు పాల్ ఫార్జ్ 19వ శతాబ్దం చివర్లో సేకరించిన తర్వాత, తూజా సుచువెనెన్సిస్ దాదాపు వందేళ్లు ఎవరి కంటా పడలేదు. అంతరించిందని ప్రకటించాక, 1999లో అక్కడే మళ్లీ దొరికింది.

ప్రాణదాతా? విషమా?

1535-36 చలికాలంలో ఇప్పటి క్యుబెక్ దగ్గర ఫ్రెంచి నావికుడు జాక్ కార్టియే ఓడల సిబ్బంది స్కర్వీ వ్యాధితో వరసగా చనిపోసాగారు. స్థానికుడైన డోమగాయా ఒక చెట్టు ఆకులు, బెరడు మరిగించి తాగమన్నాడు. తాగినవాళ్లు కోలుకున్నారు. ఆ చెట్టు తూజా అన్నది చాలాకాలంగా ఉన్న మాట. ‘జీవవృక్షం’ అన్న పేరును దీనితోనే ముడిపెడతారు. అది ఫర్ చెట్టు కావచ్చనే వాదనా ఉంది.

ఈ కథ విని పెరట్లో ఆకులు కోసి కషాయం కాచుకోవద్దు. తూజా నూనెలోని తూజోన్ మూర్ఛలు తెప్పించగల విషం. పైగా మీ పెరట్లోది అసలు ఆ చెట్టే కాదు. దీన్ని అందానికి పెంచుకోండి, కంచెగా వేసుకోండి, నోట్లో మాత్రం పెట్టుకోకండి.