అరకు లోయ శిలల రూపాంతర ప్రాప్తి

అరకు లోయ, పాడేరు, అనంతగిరి ప్రాంతాల కొండలు ప్రధానంగా రూపాంతర శిలలతో ఏర్పడినవి. నేడు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున కనిపించే ఈ శిలలు ఒకప్పుడు భూపటలంలో 25 కిలోమీటర్ల లోతున కాలినవి. వీటిలో ముఖ్యమైనది ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద టి.ఎల్. వాకర్ 1902లో దీనికి ఈ పేరు పెట్టాడు. బంకమట్టి అవక్షేపాలు వేడికి, ఒత్తిడికి లోనై గార్నెట్, సిల్లిమనైట్ ఖనిజాలు గల ఈ శిలగా మారినవి. బొర్రా గుహలు ఏర్పడినది కూడా మామూలు సున్నపురాయిలో కాదు, అదే విధంగా మారిన చలువరాయిలో. గుహలోని ఆకృతులు మాత్రం చాలా తరువాత నీటి వలన ఏర్పడినవి.

వేడి ఎంత?

భూమి పై పొరలలో లోతుకు పోయేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 డిగ్రీల సెల్సియస్ వేడి పెరుగుతుంది. ఇంకా లోతున ఈ పెరుగుదల తగ్గుతుంది. ఈ లెక్కన 25 కిలోమీటర్ల లోతున 650 డిగ్రీలు కూడా ఉండరాదు. కాని పాడేరు, అనకాపల్లి, సుంకరమెట్ట పరిసరాల శిలలలో సాఫిరిన్ అనే అరుదైన ఖనిజం లభించింది. ఇది క్వార్ట్జ్‌ను ఆనుకొని ఏర్పడవలెనంటే 900 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి. మిగిలిన వేడి ఎక్కడిది?

చీమకుర్తి ఉదాహరణ

మాగ్మా అనే శిలాద్రవం పాత శిలల నడుమకు చొచ్చుకొని వచ్చి, తన వేడితో వాటిని మార్చడాన్ని స్పర్శ రూపాంతర ప్రాప్తి అంటారు. ఇటుకల బట్టీలో నిప్పు దగ్గరి ఇటుక మాడిపోతుంది, అంచున ఉన్నది సగమే కాలుతుంది. శిలల సంగతీ అంతే. తూర్పు కనుమల పట్టీలోనే, ప్రకాశం జిల్లా చీమకుర్తి వద్ద ఇది స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ సుమారు 20 కిలోమీటర్ల లోతున గాబ్రో జాతి మాగ్మా చొరబడి, తనను ఆనుకొని ఉన్న శిలలను 900 డిగ్రీలకు మించి వేడెక్కించింది. ఆ గాబ్రోయే నేడు బ్లాక్ గెలాక్సీ పేరుతో అమ్ముడవుతున్న రాయి. వ్యాపారులు గ్రానైట్ అన్నప్పటికీ అది గ్రానైట్ కాదు.

అరకు సమస్య

అరకు శిలలు ఇంతగా కాలినది చీమకుర్తి కంటే చాలా తరువాత, సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం. పైగా ఇక్కడ ఆ వేడి గుర్తులు ఒక చొరబాటు చుట్టూ మాత్రమే కాక విశాల ప్రాంతంలో కనిపిస్తాయి. కనుక ఒక్క చొరబాటు చాలదు. భూపటలం అడుగున పెద్దయెత్తున మాగ్మా చేరినదని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మందమైన భూపటలంలో యురేనియం, థోరియం వంటి రేడియోధార్మిక మూలకాల వేడి కోట్ల సంవత్సరాల పాటు పోగుపడినదని మరికొందరు అంటారు. ఈ చర్చ ఇంకా ముగియలేదు.