ఫోన్ తల్లి చెవికి, మేలు బిడ్డకు

దాతలారా! 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక, దానికీ మావోయిస్టులకూ మధ్య నలిగిన గుత్తికోయలు ఎందరో సరిహద్దు దాటి మన అడవులకు వచ్చారు. చర్ల, దుమ్ముగూడెం వైపు వారి గూడేలున్నాయి. తల్లులు మిరపతోటల్లో కూలికి పోతారు. పిల్లలకు ఇంట్లో కోయమాట, బడిలో తెలుగు. అర్థంకాని బిడ్డ బడి మానేస్తుంది.

దూరం నుంచైనా ఇలాంటి తల్లులకు తోడు నిలవవచ్చు. లెబనాన్‌లో సిరియా శరణార్థి కుటుంబాలకు టీచర్లు 11 వారాలు ఫోన్‌లోనే నేర్పారు. పసిపిల్లల బడికి ఏడాది వెళ్లినంత మేలు జరిగిందని పరిశీలనలో తేలింది. అక్కడ ఇంట్లో బిడ్డ చేత చేయించింది తల్లిదండ్రులే.

ఇక్కడా అదే దారి. కోయమాట వచ్చిన ఒక మహిళ వారానికోసారి, కూలి నుంచి వచ్చిన వేళ, తల్లితో పావుగంట మాట్లాడాలి. "ఇప్పపూలు ఏరేటప్పుడు బిడ్డతో లెక్కపెట్టించమ్మా, నీకొచ్చిన పాటే పాడు" అని చెప్పాలి. మరుసటి వారం బిడ్డ ఏం చేసిందో అడగాలి. మామూలు బటన్ ఫోన్ చాలు. సిగ్నల్ అందని గూడేనికి మాత్రం మనిషే వెళ్లాలి.

బట్టలు, పలకలు ఇస్తూనే ఉందాం. వాటితోపాటు ఆ మహిళ జీతానికీ, తల్లుల ఫోన్ రీచార్జికీ మీ సదఖాలో కొంత కేటాయించమని మేము కోరుతున్నాం.