1.0.9 పెద్దదా, 1.0.10 పెద్దదా?

1.9, 1.10 అను రెండు సంఖ్యలలో ఏది పెద్దదని అడిగినచో, దశాంశములు నేర్చిన ఏ విద్యార్థి యైనను 1.9 అనియే చెప్పును. గణితమున ఆ సమాధానమునకు తిరుగు లేదు. కాని కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారి నడిగినచో 1.10 యే తరువాతిదని చెప్పుదురు. వారు దశాంశములు మరచినవారు కారు. వారు వాడు చుక్క దశాంశ బిందువే కాదు. అది పాఠ్యపుస్తకములో ప్రకరణముల సంఖ్యకును, అందలి భాగముల సంఖ్యకును నడుమ పెట్టు చుక్క వంటిది. తొమ్మిదవ భాగము తరువాత పదవ భాగము వచ్చును గదా!

ఈ సంఖ్యలు దేనికని ప్రశ్న. ప్రోగ్రాము వ్రాయువాడు ప్రతి పనిని తానే మొదటినుండి వ్రాసికొనడు. వర్గమూలము కనుగొనుట, పేర్లను అకారాది క్రమమున పేర్చుట, వార్తను రహస్యలిపిలోనికి మార్చుట మొదలగు పనులకు ఇతరులు వ్రాసి యుంచిన భాగములను తెచ్చి తన ప్రోగ్రామునకు తగిలించుకొనును. అట్టి భాగముల సముదాయమునకు లైబ్రరీ యని పేరు. ఈ పద్ధతి క్రొత్తది కాదు. 1949లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పని ప్రారంభించిన ఎడ్శాక్ యంత్రమునకు ఇట్టి భాగములను రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీలపై భద్రపరచిరి. వానిని గూర్చి విల్క్స్, వీలర్, గిల్ అను మువ్వురు 1951లో ఒక గ్రంథమును కూడ ప్రకటించిరి. ఆ కాలపు పట్టీలలో తప్పు దొరలినచో, రంధ్రముపై చిన్న ముక్క అంటించి సరిచేయుట కలదు. చినిగిన చొక్కాకు అతుకు వేసినట్లే. నేడు కాగితము పోయినది గాని, చిన్న సవరణకు 'ప్యాచ్' అను పేరు మాత్రము నిలిచినది.

ఒక లైబ్రరీని వేలకొలది ప్రోగ్రాములు ఆశ్రయించి యుండవచ్చును. దాని క్రొత్త ప్రతి వెలువడినపుడు, 'దీనిని తెచ్చుకొన్నచో నా ప్రోగ్రాము మునుపటి వలెనే నడచునా?' అనునదే ప్రతివాని సందేహము. సంఖ్య దీనికి సమాధానము చెప్పవలెను. గిట్‌హబ్ సంస్థాపకులలో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ 'సిమాంటిక్ వెర్షనింగ్' అను నియమావళిని కూర్చిరి, దాని 2.0.0 ప్రతి 2013 నాటిది. దాని ప్రకారము సంఖ్యలో మూడు అంకములుండును. ఉపాధ్యాయులకు పాఠ్యపుస్తకమే మంచి ఉదాహరణము. ముద్రణ దోషములను మాత్రము దిద్ది తిరిగి అచ్చు వేసినచో మూడవ అంకము పెరుగును: 2.4.6 తరువాత 2.4.7. ఉన్న పాఠములను కదలింపక క్రొత్త అభ్యాసములు చేర్చినచో రెండవది పెరిగి మూడవది సున్న యగును: 2.5.0. పాఠములే మారి, నిరుటి పుస్తకముతో ఈయేటి తరగతిలో కూర్చుండుటకు వీలులేనిచో మొదటిది పెరుగును: 3.0.0.

మరియొక కఠిన నియమము కలదు. ఒకసారి విడుదలయిన ప్రతిలో ఒక్క అక్షరమైనను మార్చరాదు. మార్పు ఎంత స్వల్పమైనను క్రొత్త సంఖ్య ఈయవలెను. 2.4.7 అను పేరుతో నీయొద్ద నున్నదియు నాయొద్ద నున్నదియు వేరయినచో, నీకు కనిపించిన దోషము నాకు కనిపించదు; ఎవరిది తప్పో తేలదు. నా దృష్టిలో ఈ నియమావళి కంతటికి ఇదియే వెన్నెముక. ఇక మూడవ అంకము మారినపుడు ఎవరికిని ఇబ్బంది కలుగదను మాట పూర్తిగ నిజము కాదు. జవాబుల పట్టికలోని తప్పు జవాబును కంఠస్థము చేసినవానికి సవరణయే తప్పుగా తోచును గదా! సంఖ్య ఒక మాట ఇచ్చుట వంటిదే గాని కొలత కాదు.

ఇందలి కష్టసుఖములు తెలియవలెనన్న ఓపెన్ఎస్ఎస్ఎల్ అను లైబ్రరీ చరిత్ర చూడవలెను. వెబ్‌సైట్లకును మనకును నడుమ వార్తలు రహస్యముగ నడచుటకు అనేక సర్వర్లలో ఇది పనిచేయుచున్నది. దీనికి పూర్వము వేరొక పద్ధతి యుండెడిది: మూడు అంకముల తరువాత ఒక ఆంగ్లాక్షరము. అక్షరము మాత్రమే మారినచో అది కేవలము దోష సవరణము. 2012 మార్చి 14న విడుదలయిన 1.0.1 లో 'హార్ట్‌బీట్' అను క్రొత్త సౌకర్యము చేరినది. 'నీవు ఇంకను ఉన్నావా? ఉన్నచో నేను పంపిన ఈ మాటను తిరిగి పంపుము. దీని నిడివి ఇంత' అని ఒక యంత్రము రెండవదానిని అడుగును. మాట చిన్నదై, చెప్పిన నిడివి పెద్దదైనచో ఏమగును? సరిచూడవలసిన రెండవ యంత్రము సరిచూడక, ఆ మాట ప్రక్కన తన జ్ఞాపకములో నున్న దానిని కూడ, ఒక్కొక్క పర్యాయము ఇంచుమించు 64 కిలోబైట్ల వరకు, పంపివేయును. అందులో సంకేతపదములుండవచ్చును, రహస్యలిపికి మూలమైన తాళపుచెవియే యుండవచ్చును. దొంగతనమునకు జాడ కూడ మిగులదు. 'హార్ట్‌బ్లీడ్' అను పేరు గాంచిన ఈ దోషము 2014 ఏప్రిల్ 7న వెల్లడి యయినది. విడుదలయిన ప్రతులలో 1.0.1 మొదలు 1.0.1ఎఫ్ వరకు అన్నిటను ఈ దోషము కలదు. ఆ దినముననే వెలువడిన 1.0.1జి లో లేదు. ఎఫ్‌కును జికిని నడుమ గల ఒక్క అక్షరపు తేడా అంత బరువు మోసినది!

0.9.8, 1.0.0 శాఖలలో హార్ట్‌బీట్ సౌకర్యమే లేదు గనుక ఆ దోషమును లేదు. అంతమాత్రమున పాతదే మేలనుకొనరాదు. 2014 జూన్ 5న మరియొక దోషమునకు మూడు శాఖలలోను ఒకేదినమున సవరణలు వెలువడెను: 0.9.8జెడ్ఎ, 1.0.0ఎమ్, 1.0.1హెచ్. మొదటిదాని పేరు చూడుడు. 2005 జూలైలో పుట్టిన 0.9.8 శాఖకు సవరణలు పెరిగి పెరిగి 'వై' వరకు వచ్చి, అక్షరమాల అయిపోవచ్చినది. అంతట జెడ్‌ను ఒంటరిగా వాడక జెడ్ఎ, జెడ్‌బి అని సాగించి 2015 డిసెంబరులో జెడ్‌హెచ్ వద్ద ముగించిరి. ఇందొక సౌలభ్యము కలదు. నిఘంటువు క్రమమున పేర్చినను వై తరువాతనే జెడ్ఎ వచ్చును. 'ఎఎ' అని పెట్టియున్నచో అది బికి ముందుకు పోయెడిది. అంకెలతో ఈ చిక్కు తప్పదు. 1.0.9, 1.0.10 లను పదముల వలె పోల్చినచో మొదటి నాలుగు గుర్తులు సమానము. ఐదవచోట 9, 1 నిలుచును. 1 చిన్నది గనుక 1.0.10 ముందు వచ్చును. తెలివిలేని యంత్రము క్రొత్త సవరణను పాతదని త్రోసిపుచ్చును. కావున చుక్కవద్ద విడదీసి, ప్రతి అంకమును పూర్ణసంఖ్యగ పోల్చవలెను.

సంఖ్యను చూచి మోసపోవుటకు మరియొక మార్గము కలదు. డెబియన్ వంటి లినక్స్ పంపిణీదారులు తమ స్థిరమైన ప్రతిలో లైబ్రరీని క్రొత్తదానితో మార్చరు. అవసరమైన అతుకును మాత్రము తెచ్చి పాతదానికి వేయుదురు. హార్ట్‌బ్లీడ్ నాడు డెబియన్ 7 లో నున్నది 1.0.1ఇ. సవరించిన తరువాతను అది 1.0.1ఇ యే, వెనుక పంపిణీదారుల తోక మాత్రము మారినది. తోకను చదువనివాడు దోషము పోలేదని భ్రమపడును.

2021 సెప్టెంబరులో ఓపెన్ఎస్ఎస్ఎల్ వారు అక్షరములను విడిచి మూడు అంకముల పద్ధతికి వచ్చిరి. అది 1.1.1 తరువాతి ప్రతి యైనను దాని సంఖ్య 3.0.0. మధ్య 2 ఏమైనదందురా? ఆ లైబ్రరీకి అనుబంధమైన ప్రభుత్వ ప్రమాణముల భాగమొకటి అంతకుముందే 2.0 అను సంఖ్యను వాడుకొని యుండెను.