దక్షిణ ఐరోపాలో చలికాలంలోనే వానలెందుకు?

మనకు నైరుతి రుతుపవనాలు వచ్చే జూన్‌లో గ్రీస్, దక్షిణ స్పెయిన్‌లలో నేల ఎండి ఉంటుంది. అక్కడ గొడుగులు బయటికొచ్చేది నవంబరు, డిసెంబరుల్లో. ఎందుకలా?

అట్లాంటిక్‌లో అజోర్స్ దీవుల దగ్గర పెద్ద అధికపీడన ప్రాంతం ఉంటుంది. అక్కడ గాలి పైనుంచి కిందికి దిగుతూ వేడెక్కుతుంది, కాబట్టి వాన మేఘాలు కట్టవు. వేసవిలో ఇది ఉత్తరానికి విస్తరించి, తుపానులకు తలుపు వేసినట్టు అడ్డుపడుతుంది. చలికాలంలో దక్షిణానికి జరుగుతుంది. ఇక పడమటి గాలులు తేమను మోసుకొస్తాయి.

మరి చలి? వేసవి వేడిని దాచుకున్న మధ్యధరా సముద్రం తీరాలను మరీ చల్లబడనివ్వదు. జనవరి పగటిపూట ఏథెన్స్‌లో సుమారు 13 డిగ్రీలు, సెవిల్లెలో 16. సముద్రానికి దూరంగా, 650 మీటర్ల ఎత్తునున్న మాడ్రిడ్‌లో మాత్రం రాత్రిళ్లు సున్నా దగ్గరికి దిగుతుంది. ఇటలీలోని త్రియెస్తెలో ఇంకో చిత్రం: కొండల అవతల పేరుకున్న బరువైన చల్లగాలి సముద్రం వైపు జారి, ఒక్కోసారి గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటుతుంది. దాని పేరు బోరా.

నన్నడిగితే, అసలు చిక్కు ఇళ్లలోనే. దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియాలో పాత ఇళ్లను ఎండ తట్టుకునేలా కట్టారు. మందపాటి గోడలు, చల్లని పలకల నేల. చాలాచోట్ల గదులు వేడిచేసే ఏర్పాటు అంతంతమాత్రమే. వెళ్లేవాళ్లు స్వెటర్‌తో పాటు మేజోళ్లు కూడా సర్దుకోవాలి.