గుర్రం బతకని నేలలో అమెరికా పత్తి

1900 నవంబరులో న్యూయార్కు రేవులో నలుగురు నల్లజాతి అమెరికన్లు ఓడ ఎక్కారు. వారి వెంట నాగళ్ళు, బండ్లు, పత్తి విత్తనాలు, జిన్నింగు యంత్రం ఉన్నాయి. వారు వెళ్తున్నది పశ్చిమాఫ్రికాలోని టోగోకు. అప్పట్లో అది జర్మనీ వలస. బానిసలుగా అమెరికాకు తరలించబడినవారి సంతతి, ఆఫ్రికా రైతుకు పత్తి సేద్యం నేర్పడానికి ఒక ఐరోపా ప్రభుత్వం తరఫున తిరిగి అదే ఖండానికి ప్రయాణమయిందన్నమాట!

ఇలా ఎందుకు జరిగింది? జర్మనీ మిల్లులకు కావలసిన దూదిలో అధికభాగం అమెరికా నుంచే వచ్చేది. ఒకే దేశం మీద ఆధారపడితే ఏమవుతుందో 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధం ఐరోపాకు నేర్పింది. ఆ కరువు రోజుల్లో ఇంగ్లండు మిల్లులు మన దేశపు పొట్టి పింజ పత్తితో సరిపెట్టుకోవలసి వచ్చిందని మీకు తెలిసే ఉంటుంది. జర్మనీకి భారతదేశం వంటి వలస లేదు. అందువల్ల టోగోలో పత్తిని ప్రయోగాత్మకంగా పండించి చూడాలని బెర్లిన్‌లోని వలసల ఆర్థిక సంఘం తలపెట్టింది. అలబామాలో బుకర్ టి. వాషింగ్టన్ నడుపుతున్న టస్కీగీ విద్యాలయాన్ని సాయం కోరింది. అక్కడి అధ్యాపకుడు జేమ్స్ కాలొవే నాయకుడుగా, జాన్ రాబిన్సన్, ఆలన్ బర్క్స్, షెపర్డ్ హారిస్ సహాయకులుగా బయలుదేరారు.

లోమే రేవులో దిగి, సుమారు 100 కిలోమీటర్లు లోపలికి వెళ్ళి, టోవే అనే చోట ఎవే జాతి ప్రజల మధ్య వారు క్షేత్రం ఏర్పాటు చేశారు. మొదటి దెబ్బ అక్కడే తగిలింది. బండ్లు లాగడానికి, నాగళ్ళు కట్టడానికి ఎద్దులూ గుర్రాలూ కావాలి కదా! తెచ్చిన పశువులు తెచ్చినట్టే చనిపోయాయి. కారణం నగానా అనే జబ్బు. ట్రిపనోసోమా అనే ఏకకణ పరాన్నజీవి పశువు రక్తంలో చేరి, జ్వరంతో, రక్తహీనతతో దాన్ని క్షీణింపజేస్తుంది. ఈ జీవిని ఒక పశువు నుంచి మరొక పశువుకు మోసేది సెట్సీ ఈగ అని డేవిడ్ బ్రూస్ దక్షిణాఫ్రికాలో 1890లలో నిరూపించాడు. దీని దాయాది వల్ల మన గుర్రాలకూ ఒంటెలకూ సర్రా జబ్బు వస్తుంది. దాన్ని 1880లో పంజాబులో గ్రిఫిత్ ఎవాన్స్ కనుగొన్నాడు. అయితే సర్రాను వ్యాప్తి చేసేవి మామూలు జోరీగలు. సెట్సీ మన దేశంలో లేదు. ఉండి ఉంటే మన సేద్యం ఎద్దు మీద ఆధారపడి పెరిగేదే కాదేమో!

పశువుల పని చివరకు మనుషుల మీద పడింది. రేవు నుంచి బండ్లను మనుషులు లాగారు, నాగళ్ళను మనుషులు లాగారు, జిన్నింగు యంత్రాన్నీ మనుషులే తిప్పారు. ఆ మనుషులు ఎవరో వేరే చెప్పనక్కరలేదు. అలబామా పద్ధతిని ఆఫ్రికాకు నేర్పడమనే పథకంలో కూలి ఖర్చు తేలికగా కనిపించిందంటే, ఆ కూలి ఎవరి ఇష్టంతో జరిగిందని ఎవరూ అడగకపోవడమే కారణం.

రెండో చిక్కు వాన. అమెరికాలో పత్తిని వసంతంలో విత్తుతారు. దక్షిణ టోగోలో ఏడాదికి రెండు వానాకాలాలు. తొలి వానకే విత్తితే కాయ పగిలే వేళకు మళ్ళీ వాన అందుకుంటుంది. తడిసిన కాయ కుళ్ళుతుంది, పింజ రంగు మారుతుంది. అక్టోబరు తుపానులో పత్తి చేను చూసిన మన గుంటూరు రైతుకు దీన్ని వివరించనవసరం లేదు. విత్తే కాలాన్ని వెనక్కు జరిపితే, పొడిగాలులు వీచే రోజుల్లో పత్తి తీయవచ్చు. పుస్తకంలో లేని ఈ లెక్కను పొలంలోనే నేర్చుకోవాలి.

ఇంతకీ ఎవే రైతులకు పత్తి కొత్త కాదు. పెండలం, మొక్కజొన్న చేలల్లో పత్తి మొక్కలను అక్కడక్కడ పెంచి, ఆ దూదిని ఆడవారు వడికేవారు, మగవారు నేసేవారు. పెండలం చచ్చినా మొక్కజొన్న నిలుస్తుంది, రెండూ పోయినా నాలుగు గుప్పెళ్ళ దూది మిగులుతుంది. జర్మను అధికారులకు ఇది సోమరి సేద్యంగా కనిపించింది. వారికి కావలసింది ఒకే రకం పింజ, ఒకే పంట, ఎగుమతికి సిద్ధంగా బేళ్ళు. రైతు దృష్టిలో మాత్రం మిల్లుకు అమ్మే పత్తి తిండిగింజలకు పోటీ.

నలుగురిలో చివరిదాకా నిలిచినవాడు రాబిన్సన్. హారిస్ 1902లో జ్వరంతో మరణించాడు. అదే సంవత్సరం టస్కీగీ నుంచి వచ్చిన మరో ఇద్దరు యువకులు లోమే తీరంలో పడవ బోల్తాపడి మునిగిపోయారు. రాబిన్సన్ అమెరికా రకాలనూ స్థానిక రకాలనూ సంకరం చేసి, మేలైన మొక్కలను ఏరుతూ పోయాడు. ఇది సాధ్యపడింది ఎందుకంటే, అక్కడ పెరిగే పత్తుల్లో అమెరికా మూలానివి ఉన్నాయి, వాటికి 52 క్రోమోజోములు. మన దేశవాళీ పత్తికి 26 మాత్రమే. కాబట్టి అమెరికా పత్తితో దాన్ని కలిపితే సాధారణంగా గొడ్డు మొక్కలే వస్తాయి.

1904లో నోట్సేలో పత్తి పాఠశాల తెరిచారు. చదువు మూడేళ్ళు. విద్యార్థులను జిల్లా అధికారులు పంపేవారు, చాలామంది తమంతట తాము వచ్చినవారు కారు. చదువు ముగిశాక అధికారుల కనుసన్నలలోనే సేద్యం చేయాలి. విత్తనం ప్రభుత్వం ఇచ్చేది, కొనుగోలు నియమాలూ ప్రభుత్వానివే.

1907లో రైలు మార్గం లోమే నుంచి పాలిమేకు చేరింది. ఎగుమతులు పెరిగి ఏడాదికి సుమారు 5 లక్షల కిలోలకు చేరాయి. వినడానికి పెద్ద సంఖ్యే. కాని జర్మనీ మిల్లులు ఏటా దిగుమతి చేసుకునేది నాలుగు లక్షల టన్నులకు పైనే. అందులో టోగో వాటా సుమారు వెయ్యింట ఒక వంతు!

రాబిన్సన్ 1909లో మోనో నది దాటుతూ మునిగి చనిపోయాడు. 1914లో యుద్ధం రాగానే టోగోను బ్రిటన్, ఫ్రాన్సు ఆక్రమించాయి. టోగోలో నేటికీ పత్తి పండుతుంది. ఎక్కువగా చిన్న కమతాల్లో, వానాధారంగా. జూన్, జూలైలలో విత్తి, వానలు వెనుదిరిగాక పత్తి తీస్తారు.