పాత హార్మోనియము కొనుట ఎట్లు?

పద్యనాటకమునకు హార్మోనియము వెన్నెముక వంటిది. నటుడు పద్యమెత్తుకొనుటకు శ్రుతి నిచ్చునది అదియే. రాగమును సాగదీయుచు అతడు ఊపిరి తీసికొను క్షణమున నాదము తెగకుండ నిలుపునదియు అదియే. పలాస, టెక్కలి ప్రాంతములందును, మందస, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు మొదలగు ఉద్దానపు మండలములందును శ్రీరామనవమి పందిళ్లలో గాని, ఏకాహ భజనలలో గాని, హరిశ్చంద్ర, రాయబారము వంటి నాటకములలో గాని ఈ పెట్టె లేనిదే పని సాగదు. అయితే క్రొత్తది, మేలైనది కొనవలెనన్న చిన్న సమాజములకు శక్తి చాలదు. ఇంటింట వసూలు చేసిన చందాలతో పాతదానిని కొనుటయే వారికి గల మార్గము. ఆ చందాలలో జీడితోటలో పనిచేసినవారి ఒకనాటి కూలి ఉండును. సముద్రముపై వలవేసినవారి ఒకనాటి వేట ఉండును. పెట్టె చెడ్డదైనచో పోవునది డబ్బు మాత్రమే కాదు. ఏండ్ల తరబడి పాడువారందరును ఆ చెడ్డ శ్రుతితో గొంతు చించుకొనవలసి వచ్చును. కావున పాత హార్మోనియమును ఎట్లు పరీక్షింపవలెనో, ఏ లోపమునకు ధర తగ్గింపుమని అడుగవచ్చునో, ఏ లోపమున్నచో మారుమాట లేక వెనుదిరుగవలెనో ఇచట వివరింతుము.

ముందుగా పెట్టెలోపల ఏమున్నదో తెలిసికొందము. హార్మోనియములో పలుకునది రీడు. ఇత్తడి పలకలో సన్నని చీలిక యొకటి యుండును. దానిపై ఒక కొనయందు మాత్రమే బిగింపబడిన ఇత్తడి నాలుక యుండును. చీలికగుండా గాలి పోవునపుడు ఆ నాలుక కదలాడి స్వరమును పలుకును. నాలుక పొడవు, మందములను బట్టి స్వరము హెచ్చును, తగ్గును. గాలిని తోలునది వెనుకనున్న తిత్తి. దానిని నిలువయుంచునది లోపలనున్న రెండవ తిత్తి. ముందరి స్టాపులను లాగినపుడు గాలి రీడుల గదులలోనికి ప్రవేశించును. మెట్టు నొక్కినపుడు దానితో కూడియున్న తోలుమూత పైకి లేచి గాలికి దారి యిచ్చును. తిత్తి, మూత, రీడు అను ఈ మూడింటిలో దేనియందు లోపమున్నను పాట చెడును. మిగిలినదంతయు కొయ్యపని, మెరుగు.

ఈ వాద్యము మన దేశమున పుట్టినది కాదు. 1840లో ప్యారిస్ నగరమున అలెగ్జాండర్ దెబైన్ అను వాద్యనిర్మాత హార్మోనియమను పేరిట పేటెంటు పొందెను. అది కాలితో త్రొక్కి వాయించు పెద్దపెట్టె. నేలపై కూర్చుండి ఒక చేత తిత్తి వేయుచు రెండవ చేత వాయించు చిన్న పెట్టె మన దేశమున వ్యాపించుటకు కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో నెలకొల్పిన ద్వార్కిన్ సంస్థ ముఖ్యకారణమందురు. కలకత్తా నుండి చెన్నపట్టణమునకు పోవు రైలుదారిలోనే పలాస యున్నది.

రేడియో పత్రికలో హార్మోనియమును గూర్చి వ్రాయునపుడు ఒక పాతకథను చెప్పక తప్పదు. 1940 నుండి 1971 వరకు ఆకాశవాణిలో హార్మోనియమునకు ప్రవేశము లేకుండెను. దాని స్వరములు స్థిరములు. ఒక స్వరము నుండి మరియొక స్వరమునకు జారుట దానికి చేతకాదు. గమకము దానికి అందదు అనునవి నాటి ఆక్షేపణలు. 1971 నుండి ఆ నిషేధము సడలెను. ఆ ఆక్షేపణలో నిజము లేకపోలేదు. స్థాయిని 12 సమభాగములుగా విభజించి హార్మోనియమునకు శ్రుతి చేయుదురు గనుక దాని అంతరగాంధారము తంబురా నాదమున సహజముగా వినవచ్చు గాంధారము కంటె ఒకింత హెచ్చుగా నుండును. ఈ విషయము కొనువారికి అక్కరకు వచ్చునదే. షడ్జమును, గాంధారమును కలిపి నొక్కి, నాదము వణకుచున్నదని మంచిపెట్టెను కాదనువారు కలరు. అది పెట్టె లోపము కాదు, ఆ శ్రుతివిధానపు స్వభావము. పరీక్షింపవలసినది షడ్జమును దాని పైషడ్జముతోను, పిమ్మట పంచమముతోను.

ఇక పరీక్షలకు వత్తము. కొబ్బరికాయను కొనువారు చెవియొద్ద ఆడించి నీటి చప్పుడు విందురు. జీడిపిక్కలను కొనువారు బస్తా నుండి గుప్పెడు తీసి, కోసి, పప్పు చూడనిదే ధర పలుకరు. హార్మోనియము విషయమునను అంతే. పైమెరుగు పిక్కమీది తోలు వంటిది. డబ్బామీద అంటించిన పేరు చూచి అధికధర నిచ్చుటయు తగదు; పేరుగల రేకును ఏ పెట్టెకైనను బిగింపవచ్చును.

మొదటి పరీక్ష గాలికి సంబంధించినది. స్టాపులన్నియు మూసి తిత్తిని వేయవలెను. లోపలి తిత్తి నిండిన పిమ్మట వెలుపలి తిత్తి చేతికి ఎదురు తిరుగవలెను. అట్లు కాక, ఎంత వేసినను తేలికగా మూసికొనిపోవుచున్నచో గాలి ఎక్కడనో కారుచున్నదని యర్థము. పిమ్మట స్టాపులు తెరచి, ఏ మెట్టును నొక్కక, మరల తిత్తి వేయవలెను. బుస వినవచ్చినను, నొక్కని స్వరము పలికినను మూతలు సరిగా కూర్చుండుట లేదని తెలిసికొనవలెను. తరువాత ఒక్కమారు తిత్తి నింపి, ఒకే మెట్టును నొక్కిపట్టి, నాదము ఎన్ని అంకెలు లెక్కించువరకు నిలుచునో చూడవలెను. రెండు మూడు పెట్టెలను ఇట్లు ఒకే తీరున పోల్చినచో దేని ఊపిరి గట్టిదో తెలియును. తిత్తి తోలు, మడతల బట్ట, మూతల తోలు మార్చుట పెద్దపని కాదు. ఈ లోపములున్న పెట్టెను ధర తగ్గించి కొనవచ్చును.

రెండవ పరీక్ష రీడులది. ఒక్కొక్క స్టాపునే తెరచి, ఎడమనుండి కుడికి ఒక్క మెట్టును విడువక, మొదట మెల్లగను పిమ్మట గట్టిగను గాలి యిచ్చి వాయింపవలెను. సాధారణముగా 37, 39 లేక 42 మెట్లుండును. డబుల్ రీడు పెట్టెలో ప్రతి మెట్టుకు రెండు రీడులుండును గనుక 42 మెట్లకు 84 రీడులు. అన్నిటిని వినుటకు అరగంట పట్టవచ్చును; అమ్మువాడు తొందరపెట్టినను లెక్కచేయరాదు. మంచి రీడు కొద్దిగాలికే వెంటనే పలుకును. ఆలసించి పలుకునదానియందు దుమ్మో, చిలుమో చేరియుండును, లేదా నాలుక యెత్తు మారియుండును. గరగర పలుకునది చీలిక అంచును తాకుచుండవచ్చును, లేదా మొదట పగిలియుండవచ్చును. శుభ్రపరచినను గరగర పోక, స్వరము నానాటికి దిగుచున్నచో అది పగులే. ఆ రీడును మార్చవలసినదే. ఒకటి రెండు రీడులు మార్చుటకు వెరవనక్కరలేదు. గుజరాతులోని పాలితానా రీడుల తయారీకి ప్రసిద్ధిచెందిన ఊరు. పూర్వపు పెట్టెలలో ప్యారిస్, జర్మనీ రీడులును కలవు; అట్టివి చెడనివైనచో పెట్టెకు నిజమైన విలువ వానివలననే వచ్చును.

రీడులను చూచునపుడు మరియొక సంగతి గమనింపవలెను. నాలుకకొనను ఆకురాయితో గీచినచో స్వరము హెచ్చును. మొదట గీచినచో తగ్గును. శ్రుతి చేయుట యనగా ఇదియే. అయితే గీచిన ఇత్తడి తిరిగి రాదు. పలుమారులు శ్రుతి చేయబడిన రీడు పలుచనై, బలహీనమై, తుదకు విరుగును. పైపలకను విప్పించి, దీపపు వెలుగున నాలుకలను చూచినచో ఈ గీతలు కనిపించును. నాలుకలన్నియు గీతలతో నిండియున్నచో ఆ పెట్టె ఆయువు చాలవరకు తీరినదని గ్రహింపవలెను. పెట్టె విప్పనీయని వానియొద్ద కొనకుండుటయే క్షేమము.

మూడవ పరీక్ష శ్రుతి. ఒక స్వరమును, దాని పైస్థాయి స్వరమును కలిపి నొక్కినపుడు రెండును ఒక్కటై వినిపింపవలెను. నాదము అలలవలె ఊగినచో అవి కలియలేదని యర్థము; అలల వేగము ఎంత హెచ్చో తేడా అంత హెచ్చు. నేడు చేతిఫోనులో శ్రుతిని కొలుచు సాధనములు లభించుచున్నవి. అంతర్జాతీయముగా నేడు వాడుకలోనున్న ప్రమాణము సెకనుకు 440 కంపనములు. 1859లో ఫ్రాన్సు దేశము నిర్ణయించిన ప్రమాణము 435. పాతపెట్టెలు ఈ 440కే సరిపోవునని నమ్మరాదు. మొత్తము పెట్టె ఒకే పాటి తేడాతో నున్నచో, ఒంటరి భజనకు బాధలేదు; వేణువుతోగాని, విద్యుత్ కీబోర్డుతోగాని కలిసి వాయింపవలెనన్నచో చిక్కు వచ్చును. స్వరమునకొక తీరున తేడాయున్నచో మొత్తము శ్రుతి చేయింపవలసియుండును; ఆ ఖర్చును ధరలో చేర్చి లెక్కింపవలెను.

నాలుగవ పరీక్షకు పాడువారే రావలెను. ఒకటిన్నర శ్రుతిలో పాడువారు, నాలుగు శ్రుతిలో పాడువారు, ఐదున్నరకు ఎగబ్రాకువారు వేరువేరుగా ఉందురు. సమాజములో ప్రధానముగా పాడువారు ఏ శ్రుతిలో సుఖముగా పాడగలరో ఆ శ్రుతినుండి పై షడ్జము, ఆపై పంచమము వరకు పెట్టె నిండుగా పలుకవలెను. స్త్రీలు, పిల్లలు పాడు భజనకు పైస్థాయి రీడులు తేటగా నుండవలెను. నాటకమునకు క్రిందిస్థాయి రీడులుగల డబుల్ రీడు పెట్టె మేలు. శ్రుతిని జరుపు స్కేలు మార్చు పెట్టెలు సౌకర్యముగా కనిపించును గాని వానిలో కదలు భాగములు హెచ్చు, బరువు హెచ్చు, పాతబడినపుడు చిక్కులును హెచ్చు. కొద్ది డబ్బుతో కొనువారు అట్టి దానిని కోరకుండుట మంచిది. ఒక మెట్టు నొక్కిన పైస్థాయి మెట్టును పలికించు కప్లరు విషయమునను ఇదే మాట.

ఉద్దానపు తీరమున వీనికితోడు అయిదవ పరీక్షయు కలదు. సముద్రపుగాలిలో ఉప్పు, తేమ రెండును కలవు. ఆ తేమకు ఇత్తడి చిలుము పట్టును, ఉక్కు స్ప్రింగులు తుప్పు పట్టును, తోలు బూజు పట్టును, కొయ్య ఉబ్బి మెట్లు బిగిసికొనును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినపుడు కొబ్బరి, జీడితోటలు నేలకొరిగినవి, ఇండ్ల పైకప్పులు లేచిపోయినవి. అట్టి వేళ తడిసిన పెట్టెలు పిమ్మట మెరుగు పూసికొని అమ్మకమునకు రావచ్చును. కావున అడుగుపలకను తలక్రిందుచేసి చూడవలెను. నీటిచారలు, క్రొత్తరంగు క్రింద పాతమరకలు, మూత తెరువగానే బూజువాసన ఉన్నచో అనుమానింపవలెను. మేకుతో తాకి కొయ్యలో చెదలు, పుచ్చు ఉన్నదేమో చూడవలెను. రీడులను మోయు పలక నిలువునా పగిలినచోగాని, పుచ్చు లోతుగా దిగినచోగాని, రీడులన్నియు పచ్చని చిలుము పట్టినచోగాని, ఊరకనే యిచ్చెదమన్నను తీసికొనరాదు. మరమ్మతు ఖర్చు మరియొక పెట్టె ధరకు తక్కువ కాదు.

ధర విషయమున మేము చెప్పునది ఒక్కటే: చేతనున్నదంతయు పెట్టెకే పెట్టరాదు. ఉదాహరణకు 10,000 రూపాయలున్నచో 7,000కు మించని పెట్టెను చూచి, తక్కిన 3,000 శ్రుతికి, తోలుపనికి, ప్రయాణమునకు ఉంచుకొనవలెను. ప్రతి లోపమును కాగితముపై వ్రాసి, మరమ్మతు చేయువానిని ముందుగా అడిగి, ఆ మొత్తమును ధరనుండి తగ్గింపుమని కోరుట న్యాయమైన బేరము. వీలైనచో కొంతసొమ్ము బయానాగా నిచ్చి, ఒక వారము భజనలో వాయించి చూచిన పిమ్మట మిగిలినది చెల్లింపవలెను. ఒక్క పూటలో బయటపడని లోపములు వారములో బయటపడును.

ఇంత శ్రమ యెందుకు, అదే సొమ్ముకు చిన్న విద్యుత్ కీబోర్డు కొనరాదా యని కొందరు అడుగవచ్చును. కొనవచ్చును, శ్రుతి మార్చుటకు అందు మీటయే చాలును, రీడుల బాధ లేదు. పాతదైనచో ప్రతి మెట్టును, ప్రతి మీటను, బ్యాటరీ గదిలోని తుప్పును పరీక్షింపవలెను. అయితే దానికి విద్యుత్తు కావలెను. తిత్లీ తరువాత అనేక గ్రామములు పలుదినములు చీకటిలో నుండెను. అట్టి రాత్రులందును భజన సాగింపగలది చేతితో తిత్తి వేయు పెట్టెయే. కీబోర్డు పలుకని స్వరమును ఊరిలో బాగుచేయువారు అరుదు. హార్మోనియములో చిక్కిన దుమ్మును నేర్పుగల చేయి ఒక సన్నని కాగితపుముక్కతో తొలగింపగలదు.

కొన్న పిమ్మట పెట్టెను గోడకు, నేలకు తగులకుండ ఎత్తున ఉంచవలెను. వాయించనపుడు తిత్తిని మూసి, బట్ట కప్పి యుంచవలెను. ఎలుకలు తోలును కొరుకును గనుక జాగ్రత్త అవసరము. రీడులకు నూనె పూయరాదు, దుమ్ము అంటుకొనును. తడిసిన పెట్టెను ఎండలో పెట్టరాదు, తడిమీద తిత్తి వేయరాదు. మూతలు తెరచి నీడలో ఆరనీయవలెను. వారమునకు ఒక్కమారైనను వాయించినచో రీడులు, తోలు రెండును బాగుండును.

బేరమునకు పోవునపుడు ముగ్గురు కలిసి పోవుట మంచిది: వాయించువాడు ఒకడు, పాడువాడు ఒకడు, చందాల పుస్తకము పట్టినవాడు ఒకడు. మొదటివాడు రీడులను వినును. రెండవవాడు తన గొంతుకు తగునా యని చూచును. మూడవవాడు ఆ సొమ్ము ఎవరెవరిదో గుర్తుంచుకొని, తక్కిన ఇద్దరిని మెరుగుచూచి మురిసిపోనీయడు. ముగ్గురును సరేయన్న పెట్టెనే ఊరికి తీసికొని రావలెను.