నంబరు కనబడని బండి – న్యాయం దొరకని కుటుంబం

పొద్దుగూకే వేళ పొలం నుంచి ఇంటికి నడిచి వస్తున్న కూలీని వెనుకనుంచి వచ్చిన ట్రాక్టరు గుద్ది, ఆగకుండా పోతుంది. నలుగురూ పరుగెత్తుకొస్తారు. "నంబరు ఎవరైనా చూశారా?" అని పోలీసులు అడిగితే ఎవరి నోటా మాట రాదు. చూద్దామన్నా ట్రక్కుకు నంబరు ఉంటేగా! ఉన్నా అది బురద కిందో, వేలాడే గడ్డి చాటునో ఉండిపోతుంది.

నంబరు ప్లేటంటే పోలీసులు ఆపినప్పుడు జరిమానా తప్పించుకునే రేకుముక్క అని పల్లెల్లో చాలామంది అనుకుంటారు. కాని ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న ఇంటికి అదే ఆధారం. బండి ఎవరిదో తెలిస్తే మృతుని వయసు, సంపాదన, అతనిపై ఆధారపడినవారిని లెక్కలోకి తీసుకుని ట్రిబ్యునలు నష్టపరిహారం నిర్ణయిస్తుంది. బండికి బీమా ఉంటే ఆ సొమ్ము బీమా కంపెనీ చెల్లిస్తుంది. బండి ఏదో తేలకపోతే మాత్రం కేంద్ర పథకం కింద మృతుని కుటుంబానికి 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడిన వారికి 50 వేల రూపాయలు దక్కుతాయి. అంతే. ఈ మొత్తాలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. అంతకుముందు ఇవి 25 వేలు, 12,500 రూపాయలు మాత్రమే.

నిబంధనలు ఏమంటున్నాయి?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 50వ నిబంధన నంబరు ప్లేటుకు సంబంధించినది. నంబరులోని అక్షరాలు ఇంగ్లీషులోనే ఉండాలి. వంకర టింకర రాతలు, బొమ్మలు, అభిమాన నటుల పేర్లు, కులం పేర్లు ప్లేటుపై పనికిరావు. పెయింటరు ఎంత ముచ్చటగా రాసినా, దూరం నుంచి చదవలేనిది నంబరు కాదు.

హై సెక్యూరిటీ ప్లేట్ల విధానాన్ని 2001లో ఈ నిబంధనలలో చేర్చారు. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన కొత్త బండ్లకు ఈ ప్లేట్లను కంపెనీయే డీలరు ద్వారా బిగించి ఇవ్వాలి. కొత్త బండి కొనే రైతు దీన్ని అడిగి తీసుకోవాలి.

ఊడదీస్తే పనికిరాదు

ఈ ప్లేటు ఒక మిల్లీమీటరు మందం గల అల్యూమినియం రేకు. ఎడమ పక్క నీలి రంగు అశోకచక్రం హోలోగ్రాం, దాని కింద దేశాన్ని తెలిపే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ప్రతి ప్లేటుకూ లేజరుతో చెక్కిన వేరే గుర్తింపు సంఖ్య ఉంటుంది. రాత్రివేళ వెనుక బండి దీపం పడితే రేకు మెరిసి నంబరు కనబడుతుంది. వెనుక ప్లేటును బిగించే తాళం ఒకసారి ఊడదీస్తే విరిగిపోతుంది, తిరిగి పనికిరాదు. అందువల్ల దొంగిలించిన మోటారు సైకిలుకు మరో బండి ప్లేటు తగిలించడం తేలిక కాదు. నాలుగు చక్రాల బండ్లకు ముందు అద్దం మీద స్టిక్కరు కూడా ఉండాలి.

రంగును బట్టి బండి

సొంత బండికి తెల్ల ప్లేటుపై నల్ల అక్షరాలు, కిరాయి బండికి పసుపు ప్లేటుపై నల్ల అక్షరాలు ఉంటాయి. విద్యుత్ బండ్లకు ప్లేటు ఆకుపచ్చ. వాటిలో సొంత బండికి తెల్ల అక్షరాలు, కిరాయి బండికి పసుపు అక్షరాలు. తెల్ల ప్లేటు బండిని కిరాయికి తిప్పుతుంటే ఎక్కేవారు ఒక్క క్షణం ఆలోచించుకోవడం మంచిది. అలాంటి బండికి ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీలు వస్తాయి.

ట్రక్కుకూ కావాలి నంబరు

ట్రాక్టరు ఇంజనుకు నంబరు ఉంటే చాలునని, ట్రక్కుకు అక్కర్లేదని కొందరు రైతులు అనుకుంటారు. చట్టం ప్రకారం ట్రక్కు కూడా మోటారు వాహనమే. దానికి విడిగా రిజిస్ట్రేషను, వెనుక నంబరు తప్పనిసరి. వెనుకనుంచి చూసేవారికి కనబడేది ట్రక్కే గదా! చెరకు, ధాన్యం, ఇసుక ఏది వేసుకున్నా వెనుక నంబరు కప్పుకుపోకుండా చూసుకోవాలి.

ప్లేటు విరిగినా, పోయినా పాత రేకుపై పెయింటు వేయించి సరిపెట్టుకోరాదు. పోయినట్లయితే ముందు పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేసి, తర్వాత కొత్త ప్లేటు తెచ్చుకోవాలి. లేకపోతే ఆ నంబరుతో ఎవరో చేసిన నేరానికి అసలు యజమాని స్టేషను చుట్టూ తిరగాల్సి వస్తుంది.

దమ్ము చేసి ఒడ్డెక్కిన బండిని రోడ్డు మీదికి తెచ్చేముందు తడిగుడ్డతో నంబరు తుడవడానికి పట్టేది అర నిమిషం. ఏనాడైనా ఏదో ఒక కుటుంబానికి ఆ అర నిమిషమే అన్నం పెట్టవచ్చు.